చూడకూడని పాఠం

చంద్రకోట రాజ్యంలో భైరవశాస్త్రి అనే ఆస్థాన గురువు ఉండేవాడు. గ్రహణం ఎలా పడుతుందో కళ్లకు కట్టినట్టు చెప్పడంలో ఆయనకు సాటి లేరు. అందుకు తగ్గ గర్వమూ ఉండేది.

కుమ్మరిపాలెంలో బడి నడిపే గవరయ్య అదే పాఠం ఎంత చెప్పినా పిల్లల తలకెక్కేది కాదు. శాస్త్రి రాకుమారులకు ఎలా చెబుతాడో చూద్దామని కోటలోని పాఠశాల కిటికీ దగ్గర నిలబడగానే భటులకు దొరికిపోయాడు. వాళ్లు అతన్ని సభలో రాజు ముందు నిలబెట్టారు.

"మహారాజా! వీడు నా పద్ధతి కాజేయడానికి వచ్చాడు. నాలాగా గ్రహణపాఠం చెబితే వీడి బడి మూయించండి" అన్నాడు శాస్త్రి.

రాజు సరేనన్నాడు. గవరయ్య చేతులు జోడించాడు.

"చిత్తం ప్రభూ. కానీ నేను పాఠం వినకముందే భటులు పట్టుకున్నారు. శాస్త్రిగారు ఎలా చెబుతారో తెలియకుండా, అలా చెప్పకుండా ఎలా ఉండను? పొరపాటున అలాగే చెబితే నా బడి పోతుంది కదా!"

"నిజమే. శాస్త్రిగారూ, ఎలా చెప్పకూడదో ఇతనికి చూపించండి" అన్నాడు రాజు.

నిండు సభలో చెప్పమనేసరికి శాస్త్రి ఉప్పొంగిపోయాడు. దీపం ముందు గుమ్మడికాయ పెట్టించి, దాని చుట్టూ నిమ్మకాయను తిప్పాడు. నిమ్మకాయ గుమ్మడికాయ నీడలోకి వెళ్లి నల్లబడగానే సభంతా చప్పట్లు కొట్టింది.

"చంద్రగ్రహణమంటే ఇదా! నాకే ఇవాళ అర్థమైంది!" అన్నాడు రాజు. "ఇంత మంచి పాఠాన్ని దాచడమేమిటి? నా ఆజ్ఞ రద్దు. ఇకమీదట ఏ పంతులైనా వచ్చి చూడవచ్చు, తన బడిలో చెప్పుకోవచ్చు."

మర్నాడు గవరయ్య చుట్టుపక్కల ఊళ్ల పంతుళ్లందరినీ వెంటబెట్టుకొచ్చాడు. పాపం, రాకుమారులకే కూర్చోవడానికి చోటు దొరకలేదు.