మంత్రసాని పైడమ్మ కాలు

కాళ్ళు తన్నుకోకు తల్లీ, దుప్పటి ఊడిపోతోంది. ఇలా నా పక్కకి జరుగు. చెబుతున్నా, విను.

అనగనగా కొండ పక్కన ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. మంత్రసాని అంటే పురుడు పోసే ఆవిడ. చుట్టుపక్కల మూడు ఊళ్ళకీ ఆవిడే దిక్కు. ఆవిడ కాలు ఒక్కచోట నిలిచేది కాదు. ఇంట్లో ఉన్నా గుమ్మంలోకీ పెరట్లోకీ తిరుగుతూ, ఎవరు పిలుపు తెస్తారో అని దారి వంకే చూసేది.

గెడ్డ అవతలి ఊళ్ళో సూరీడమ్మ అని తల్లిలేని పిల్ల ఒకతి. గెడ్డ అంటే కొండవాగులే. కిందటేడు ఆ పిల్లకి నొప్పులొచ్చిన రోజున గెడ్డ పొంగింది. పైడమ్మ దాటలేకపోయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల.

"ఈసారి నువ్వుంటావా అత్తా?" అని అడిగింది సూరీడమ్మ.

"ఉంటానమ్మా. ఎలాగైనా వస్తాను," అంది పైడమ్మ.

ఆ మాట ఇచ్చి తిరిగొస్తుంటే, గెడ్డలో నాచు రాయి మీద కాలు జారింది. ఎడమకాలు మోకాలి కింద ఎముక పుటుక్కుమంది.

అప్పుడు కట్లు కట్టే సన్యాసయ్యని పిలుచుకొచ్చారు. ఆయన పెద్దవాడు. వేళ్ళతో తడిమి, ఎముక సరిచేసి, వెదురుబద్దలు పెట్టి తొడ నుంచి మడమ దాకా బిగించి కట్టాడు.

"నలభై ఐదు రోజులు కదలకూడదు పైడమ్మా."

"నలభై ఐదా! నా వల్ల కాదు మావా. అక్కడ ఆ పిల్ల..."

"ఆ పిల్లకింకా నాలుగు నెలలుంది. పడుకో."

పైడమ్మ పడుకుంది. ఇంటి దూలాలన్నీ చూసేసింది. కట్టు లోపల దురద పెడితే చీపురుపుల్లతో గీరుకుంది. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, "ఎవరే? గెడ్డ అవతలి నుంచా?" అని ఇంట్లో తోడున్న చెల్లెల్ని కేకేసేది. పదిహేనో రోజుకి ఇంక ఉండలేకపోయింది. చెల్లెలు నీళ్ళకి వెళ్ళింది చూసి, గోడ పట్టుకుని లేచింది. ఒక్కటే అడుగు. అంతే, కెవ్వుమని కూలబడింది.

సన్యాసయ్య మళ్ళీ వచ్చాడు. మళ్ళీ సరిచేశాడు. "విరిగిన చోట కొత్త ఎముక పుడుతోంది పైడమ్మా. అదింకా పసిబిడ్డ మాడంత మెత్తగా ఉంది. మాడు మీద ఎవరైనా బరువు పెడతారా? నీకు నేను చెప్పాలా?"

పైడమ్మ వెనక్కి వాలి పడుకుంది. మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలు.

ఆ తర్వాత నలభై ఐదు రోజులకి కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది. పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. కానీ మోకాలు ముడవబోతే, కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఆవిడకి ఓపికెక్కడిది? రెండు చేతులా పట్టుకుని బలంగా వంచేసింది. తెల్లారేసరికి మోకాలు కొబ్బరికాయంత వాచింది.

"రెండు నెలలు మూసి ఉంచిన తలుపుని తన్నితే తెరుచుకుంటుందా? కీలే ఊడుతుంది," అన్నాడు సన్యాసయ్య. "నీ మోకాలూ కీలే కదా. దాంట్లో నువ్వు నూనె పొయ్యక్కర్లేదు. లోపల అదే ఊరుతుంది. కాకపోతే మెల్లగా కదుపుతూ ఉండాలి."

అప్పుడు పైడమ్మ వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకుని, మంచం అంచున కూర్చుని, కాలు వేలాడదీసి ఆడించింది. ఇవాళ కాస్త, రేపు ఇంకాస్త. పళ్ళు కొరుక్కుంటూ, దారి వంక చూసుకుంటూ ఆడించింది. మూడు వారాలకి మోకాలు ముడుచుకుంది.

ముడుచుకోగానే లేచి వీధిలోకి పరుగు తీసింది. నాలుగడుగులు వేసిందో లేదో, కాలు మెలిపడి వాకిట్లో పడింది. చీర పైకి లాగి చూసుకుంటే, ఎడమకాలు గోగుకాడలా సన్నబడిపోయి ఉంది. అప్పుడు ఏడ్చింది పైడమ్మ, అన్నాళ్ళలో మొదటిసారి.

"ఎముక అతికింది. కీలు ఆడుతోంది. ఇంకేటి కావాలి మావా దీనికి?"

సన్యాసయ్య కవ్వం తెప్పించి దానికి తాడు చుట్టాడు. ఒక కొస పైడమ్మకీ, ఒక కొస చెల్లెలికీ ఇచ్చి, ఒకరి తర్వాత ఒకరిని లాగమన్నాడు. కవ్వం గిర్రున తిరిగింది. "ఇప్పుడు తాడుని తొయ్యి," అన్నాడు.

"తాడుని తొయ్యడమేటి?"

"కండా అంతే. దానికి లాగడమే తెలుసు. తొడ ముందరి కండ లాగితే కాలు చాస్తావు, వెనకది లాగితే ముడుస్తావు. ఒకటి లాగేటప్పుడు రెండోది వదులివ్వాలి. పనిలేక రెండూ చిక్కిపోయాయి. వాటికి పని చెప్పు."

"ఎముకేమో కదలొద్దంటుంది, కీలేమో మెల్లగా అంటుంది, కండేమో పని చెప్పమంటుంది! ఈ ముగ్గురితో ఎలా వేగను?"

"ముగ్గురూ సరే అంటేనే ఒక్క అడుగు పడుతుంది," అని నవ్వాడాయన.

ఆ తర్వాత పైడమ్మ చీలమండకి ఇసుక మూట కట్టుకుని కాలు ఎత్తింది, దించింది. గోడ పట్టుకుని కూర్చుంది, లేచింది. మొదట నూతిదాకా, తర్వాత ఊరి చివరిదాకా, ఆ తర్వాత గెడ్డ ఒడ్డుదాకా నడిచింది.

ఇంతలో ఒక పొద్దున్నే సూరీడమ్మ మొగుడు గురవయ్య రొప్పుతూ వచ్చాడు. "నొప్పులు మొదలయ్యాయత్తా! నెలలింకా నిండలేదు!"

"డోలీ కట్టిస్తానుండక్కా," అంది చెల్లెలు.

ఆగితేగా! పైడమ్మ చేతికర్ర అందుకుంది. మనసేమో ముందు పరుగెడుతోంది. కాలేమో గెడ్డలో ఒక్కో రాయీ తడుముకుంటోంది. ఒక రాయి మీద ఒళ్ళు తూలింది. తొడ వణికింది, కానీ మోకాలు నిలబడింది. దాటేసింది.

"వచ్చావా అత్తా," అని చెయ్యి పట్టుకుంది సూరీడమ్మ.

పైడమ్మ ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. మోకాలు మండుతోంది, పిక్క పీకుతోంది. అయినా పొద్దు వాలేదాకా లేవలేదు. చివరికి ఆడపిల్ల పుట్టింది. పుట్టి ఏడవకుండా ఊరుకుంది. పైడమ్మ బిడ్డ అరికాళ్ళు గట్టిగా రుద్దింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి బిడ్డ క్యారుమంది.

అప్పుడు పైడమ్మ బిడ్డని ఒళ్ళో వేసుకుని, బుల్లి కాలు పట్టుకుని ముడిచింది, చాచింది. రెండో కాలూ అలాగే. ఎన్నో పురుళ్ళు పోసింది కానీ, ఏ బిడ్డ కాలినీ అంతసేపు చూడలేదు.

"ఏటత్తా, ఏమైనా లోపమా?" అని కంగారుగా అడిగింది సూరీడమ్మ.

"లేదమ్మా," అంది పైడమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "అన్నీ ఉన్నాయి."

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో కునుకు దారి పట్టింది,
ఆడిన కాళ్ళకి అలుపొచ్చింది,
అమ్మమ్మ ఒడిలోకి నిద్దరొచ్చింది.