దమయంతి కోసి చూసిన రబ్బరు

అన్యాయం జరిగింది ఏలూరు చోడిశెట్టి దమయంతికి. జరిగింది 2009 జూలై మొదటి వారంలో. చేసినవాడు దొంగ కాడు, తాగుబోతు కాడు, మాట తప్పే రకమని పేరున్నవాడూ కాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేసే ఖాదర్‌వలీ గారి దగ్గర ఏళ్ళ తరబడి పని నేర్చుకుంటున్న కృపానందం. మంచివాళ్ళు చేసే అన్యాయంలో ఒక సుఖం ఉంది, చేశామని వాళ్ళకే తెలియదు. తెలియదు కాబట్టే కృపానందం ఆ నెలాఖరున గురువుగారి ఎదుట నిలబడి, తన తెలివికి తనే ముచ్చటపడుతూ, "గురువుగారూ, ఒకే సామాను ముగ్గురికి చెప్పి, ముందు ఎవరిస్తే వాళ్ళ దగ్గర పుచ్చుకుంటే తప్పేముందండీ?" అని అడిగాడు.

ఖాదర్‌వలీ గారికి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేమడిగినా విప్పిన ఇంజను ముందు కూర్చోబెడతారు, లేకపోతే చెప్పులేసుకుని ఎక్కడికో బయలుదేరతారు. అడిగినవాడు వెంట నడవాలి. ఉపన్యాసం విని బాగుపడ్డవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూపించలేదు గనుక, ఆయన పద్ధతికి వంక పెట్టడానికి లేదు.

సంగతేమిటంటే, జూన్‌లో గురువుగారు కంటి శుక్లాలు తీయించుకుని ఇంటి పట్టున ఉండిపోయారు. షెడ్డు కృపానందం చేతిలో పడింది. షెడ్డులో అప్పుడు ఉన్నది గుడివాడ వకీలు గారి 1962 ఫియట్. రంగు పడింది, ఇంజను పలికింది, సీట్లు కుట్టారు. ముందు అద్దం మాత్రం గోడకు చేరేసి ఉంది, ఎందుకంటే అద్దాన్ని చుట్టూ పట్టి ఉంచే రబ్బరు బీడింగు లేదు. పాతది ముట్టుకుంటే ఎండుచేపలా విరిగింది. అంత పాత కారుకు ఆ రబ్బరు ఏ కొట్టులోనూ తయారుగా ఉండదు. కొట్టువాడు ఆర్డరు రాసుకుని "తెప్పిస్తాం" అంటాడు. ఎక్కడి నుంచి అంటే చెప్పడు, ఆ చెప్పకపోవడం మీదే వాడి వ్యాపారం నిలబడి ఉంది. విజయవాడ కొట్టువాడు, "రెండు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలూ పట్టొచ్చు. మన చేతిలో లేదు" అన్నాడు. బయట వానలు మొదలయ్యాయి. వకీలు గారు పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసి, కోర్టులో సాక్షిని అడిగినట్టు అడుగుతున్నారు. కృపానందానికి ఒక ఆలోచన వచ్చింది. సికింద్రాబాదు రాణీగంజ్‌లో ఒక కొట్టుకూ, మద్రాసు పుదుపేటలో ఒక కొట్టుకూ అదే రబ్బరు విడివిడిగా చెప్పాడు. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.

రెండు వారాలు తిరక్కుండా విజయవాడ కొట్టుకే పార్సెలు వచ్చింది. రబ్బరు అద్దం చుట్టూ అమర్చినట్టు కూర్చుంది. కృపానందం మిగతా రెండు కొట్లకూ ఫోను చేసి "వద్దండీ" అన్నాడు. ఫోనులో వద్దనడానికి ఊపిరి కూడా ఖర్చు కాదు. ఫియట్ గుడివాడ వెళ్ళిపోయింది. గురువుగారు నల్ల కళ్ళద్దాలతో తిరిగి షెడ్డుకు వచ్చిన రోజునే శిష్యుడు ఈ కథంతా చెప్పి, "ఆరు నెలలన్నవాళ్ళు, పోటీ పెట్టేసరికి పరిగెత్తుకొచ్చారండీ" అని ముగించి, ఆ ప్రశ్న వేశాడు. గురువుగారు విన్నారు. కాలితో తడుముకుంటూ చెప్పులు వెతికారు. ఇద్దరూ ఏలూరు పాసింజరు ఎక్కారు.

ఏలూరులో జూట్ మిల్లు వెనక సందులో దమయంతి షెడ్డు. తండ్రి అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ పని చేసేవాడు. ఆయన పోయాక ఆవిడ టైర్లు మానేసి, కంపెనీలు వదిలేసిన పాత కార్ల రబ్బరు సామాను పట్టుకుంది. ఇనుప అచ్చులో రబ్బరు కూరి, ప్రెస్సులో నొక్కి, ఆవిరిలో ఉడికిస్తుంది. ఆవిరికి ఊకతో మండే బాయిలర్ ఒకటి ఉంది. దాన్ని వెలిగిస్తే ఒక ముక్క చేసినా పది ముక్కలు చేసినా ఊక ఒకటే, రోజంతా నిప్పు దగ్గర నిలబడడమూ ఒకటే. అందుకని దమయంతి ఒక కట్టుబాటు పెట్టుకుంది: మూడు ఆర్డర్లు చేరితే తప్ప బాయిలర్ వెలిగించదు. ఒక్కటే వస్తే ఆ కాగితం గోడకు వేలాడుతూ మిగతా రెండింటి కోసం ఎదురుచూస్తుంది, నెలలైనా సరే. పాత ఫియట్ అద్దం రబ్బరు చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాల్లోనూ చేసేది ఆవిడ ఒక్కతే. విజయవాడ, సికింద్రాబాదు, మద్రాసు కొట్లు మూడూ తెప్పించేది ఆవిడ దగ్గరి నుంచే. ఈ సంగతి గురువుగారికి ఎప్పటి నుంచో తెలుసు. కృపానందానికి మాత్రం ఆ సందులో నడుస్తుండగా చెప్పారు, దారి చెప్పినంత మామూలుగా. వాడు నడుస్తూనే మూడు ఊళ్ళనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

దమయంతి గుమ్మంలోనే కేకేసింది. "ఖాదరన్నయ్యా! ఆ నల్ల కళ్ళద్దాలేంటి, వేషం కట్టబోతున్నావా?"

"కన్ను కోయించుకున్నానమ్మా."

"అయితే ఇన్నాళ్ళకు నా మొహం సరిగ్గా కనిపిస్తుందన్నమాట. చూసి జడుసుకోకు. వీడెవరు?"

"మావాడే. కృపానందం."

"ఇంత బక్కగా ఉన్నాడేం? పని నేర్పి తిండి మానిపించావా?" అని నవ్వి, టీకి నీళ్ళు పెట్టింది.

గుమ్మం పక్కన నాలుగు గోనె మూటలు, మూతులు బిగించి కట్టి ఉన్నాయి. గురువుగారు వాటిని కాలితో తట్టి, "ఇవేంటమ్మా?" అన్నారు.

"అచ్చులు. సోమవారం పాత ఇనుము వాడొస్తానన్నాడు."

"అన్నీనా?"

"అన్నీ. ఒకటీ అరా ఉంచుకుని ఏం చేసుకోను, పచ్చడి నూరుకోనా?"

మాట తేలిగ్గానే అంది గాని మూటల వైపు చూడలేదు. టీ గ్లాసులు చేతికిచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని తనే చెప్పుకొచ్చింది. "మొన్న జూన్‌లో ఏమైందనుకున్నావు? వారం తిరక్కుండా ఆ ఫియట్ అద్దం రబ్బరుకే మూడు ఆర్డర్లు! బెజవాడ నుంచి ఒకటి, సికింద్రాబాదు నుంచి ఒకటి, మద్రాసు నుంచి ఒకటి. నా జన్మలో చూళ్ళేదు. ఆ బళ్ళన్నీ నిద్ర లేచి రోడ్ల మీదికొస్తున్నాయనుకున్నా. పక్కింటివాళ్ళను పిలిచి మరీ చెప్పాను, నవ్వారు. నవ్వితే నవ్వారులే అని బాయిలర్ వెలిగించాను. మూడూ చేశాను, మూడూ పంపాను. రెండు వెనక్కొచ్చాయి."

"ఎందుకు?"

"పార్టీ వద్దన్నాడట. ఎందుకొద్దన్నాడో కొట్టువాడికీ తెలీదు. మా నాన్న పోయినప్పటి నుంచీ చేస్తున్నా, ఒక్క ముక్క వెనక్కి రాలేదన్నయ్యా నాకు. ఒకటొస్తే, పోనీ, వాడెవడో తిక్కవెధవ అనుకుంటాను. ఎక్కడి మద్రాసు, ఎక్కడి సికింద్రాబాదు? ఒకడికొకడు తెలియని ఇద్దరు ఒకేసారి వద్దన్నారంటే తప్పు వాళ్ళదెలా అవుతుంది?" ఆవిడ లేచి, మూల నుంచి ఒక రబ్బరు బీడింగు తెచ్చింది. నిగనిగలాడుతున్న కొత్త రబ్బరు, నాలుగుచోట్ల అడ్డంగా కోసి ఉంది. "కోసి చూశాను. లోపల గాలి బుడగ ఉందేమో, ఉడుకు తక్కువైందేమో అని. ఏమీ కనిపించలేదు. లోపం కనిపిస్తే సరిదిద్దుకునేదాన్ని. ఉన్న లోపం కూడా కనిపించట్లేదంటే, ఇక నా చెయ్యీ పోయింది, కన్నూ పోయింది. మూడోది కూడా ఇవాళో రేపో వస్తుంది. అది రాకముందే గౌరవంగా మూసేద్దామని. ఇదిగో, నీకిప్పుడు కొత్త కళ్ళొచ్చాయిగా, నువ్వు చూసి చెప్పు."

గురువుగారు ఆ కోసిన ముక్కను అందుకున్నారు. అందుకుని, చూడకుండానే పక్కకు చాపారు. "డాక్టరు ఇంకా నా కంటికి పని చెప్పొద్దన్నాడమ్మా. వీడి కళ్ళు మంచివి. వీణ్ణడుగు."

అని టీ ఊదుకుంటూ కూర్చున్నారు.

కృపానందం రబ్బరు చేతిలో పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అదే రబ్బరు వాడు గుడివాడ కారుకు బిగించింది. అది ఎంత మంచిదో ఆ షెడ్డులో దమయంతి కంటే వాడికే బాగా తెలుసు. "బాగానే ఉందమ్మా" అన్నాడు మెల్లిగా. అక్కడితో ఒడ్డెక్కుదామని వాడి ఆశ. నూటికి తొంభైమంది అక్కడే ఒడ్డెక్కుతారు.

"బాగుంటే ఎందుకొచ్చిందబ్బాయ్ వెనక్కి? నా మొహం చూసి జాలిపడి చెప్పకు. జాలి నాకు గిట్టదు."

వాడు గురువుగారి వైపు చూశాడు. గురువుగారు గ్లాసులోకి చూస్తున్నారు. వాడు మూటల వైపు చూశాడు. చివరికి, "అమ్మా, రబ్బరులో లోపం లేదు. ఆ ముగ్గురు పార్టీలూ నేనే" అన్నాడు.

"ఏంటీ?"

"ఉన్నది ఒకటే కారమ్మా. త్వరగా వస్తుందని మూడు కొట్లకూ నేనే చెప్పాను. బెజవాడది ముందొచ్చింది, బిగించేశాను. మిగతా రెండూ నేను కళ్ళతో చూడనైనా లేదు. ఊరికే వద్దన్నాను."

దమయంతి అందుకుంది. "ఓరి నీ తొందర తగలెయ్య! ఒక్క పిల్లను చేసుకోవాల్సినవాడు మూడిళ్ళలో తాంబూలాలు పుచ్చుకున్నట్టుంది కదరా నీ పని! మూడు ఊళ్ళ పేర్లతో ముగ్గురు మనుషులై నా మీదికొచ్చావా? నేనిక్కడ ముగ్గురికీ మనసులో మొహాలు కూడా పెట్టుకున్నాను, తెలుసా? మద్రాసువాడికి మీసం పెట్టాను! వద్దనేవాడివి, ‘అక్కర తీరింది, అందుకు వద్దు’ అని ముక్క చెప్పడానికి నీ నోరేమైంది? మంచి రబ్బరును కూరగాయ కోసినట్టు కోశాను కదరా నీ మూలాన! రాత్రిళ్ళు లేచి వేళ్ళు చూసుకున్నాను!" ఇంకా చాలా అంది. ఏలూరు కాలవ మీద పడవవాళ్ళు కూడా వాడని మాటలు రెండు మూడు ఉన్నాయి. వాటిని ఇక్కడ రాయడం లేదు, చదువుకున్నవాళ్ళు నొచ్చుకుంటారు. కృపానందం తల వంచుకుని అన్నీ పుచ్చుకున్నాడు, ఒక్కటీ వెనక్కి పంపలేదు.

తిట్లు మధ్యలో ఉండగానే ఆవిడ ఠక్కున ఆగింది.

"అయితే లోపం లేదు."

"లేదమ్మా."

"మళ్ళీ చెప్పు."

"లేదమ్మా. అద్దం పెట్టగానే నాలుగు మూలలా కూర్చుంది. వానలో నిలబెట్టి చూశాను, చుక్క దిగలేదు."

దమయంతి స్టూలు మీద కూలబడి, చీరచెంగుతో మొహం తుడుచుకుని, నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చాలాసేపటి దాకా ఆగలేదు. మధ్యలో "చుక్క దిగలేదట!" అని గురువుగారికి చెప్పింది, ఆయన వినలేదన్నట్టు. ఆపైన కృపానందం చేత నాలుగు మూటలూ విప్పించింది. ఒక్కో అచ్చు ఒక పొత్రమంత బరువు. ఒక్కోటీ మోసి, తుడిచి, నూనె రాసి, ఏది ఎక్కడుండాలో ఆవిడ చెప్పినచోట అరలో పెట్టించింది. "ఆ బేబీ హిందుస్థాన్ కారుది కిందికి కాదు, పైకి! అది నాకు ముద్దు" అంటూ పక్కనే నిలబడి అజమాయిషీ చేసింది. వాడి చొక్కా పిండుకునేలా తడిసింది. పని అయ్యాక ముగ్గురికీ అన్నం వడ్డించింది. వంకాయ కూర వాడికి మారు వేస్తూ, "తిను, బక్కవెధవా. ఇంకో మూడు తిట్లు మర్చిపోయాను, గుర్తొచ్చాక అంటాను" అంది. కోయకుండా మిగిలిన రబ్బరు పొట్లం కట్టి వాడి చంకలో పెట్టి, "దీనికి తగిన కారు ఎక్కడుందో నువ్వే వెతకాలి. దొరికాక బిగించి, నాకు తెచ్చి చూపించాలి" అని మాట తీసుకుంది.

సోమవారం వచ్చిన పాత ఇనుము వాడు ఉత్త చేతులతో వెళ్ళాడు. మిగిలిన రబ్బరుకు తగిన కారు భీమవరంలో ఒక రైసుమిల్లు గోడౌనులో, కోళ్ళు గుడ్లు పెడుతుండగా దొరికింది. దమయంతి బాయిలర్ మళ్ళీ వెలిగింది 2009 సెప్టెంబరు 19న. ఈసారి మూడు ఆర్డర్ల వెనకా ముగ్గురు నిజం మనుషులు ఉన్నారు. వాళ్ళలో ఒకడికి మీసం కూడా ఉందని విని ఆవిడ సంతోషించింది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం ఏలూరు స్టేషనులో పాసింజరు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు కృపానందం రబ్బరు పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు. భుజాలు నొప్పి పెడుతున్నాయి, కడుపు నిండుగా ఉంది, మొహం మాత్రం పొద్దుటికంటే తేటగా ఉంది. వాడికింకా ఒక పట్టుదల మిగిలింది. నోటితో జవాబు వినందే వాడి మనసు ఒప్పుకోలేదు.

"అయితే గురువుగారూ, ముగ్గురికి చెప్పడం తప్పేనంటారా?"

ఖాదర్‌వలీ గారు నల్ల కళ్ళద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"తప్పని నేనెప్పుడన్నాను? పదిమందికి చెప్పుకో. వద్దనేటప్పుడు మాత్రం రైలెక్కి వచ్చి చెప్పు."