ఇనేస్ మామ్మ పెట్టిన నీళ్ళ గిన్నె

అనగా అనగా, ఓడలు గాలి దయ మీదే నడిచే రోజుల్లో, ముత్యాలరేవు అని ఒక రాజ్యం ఉండేది. ఆ రేవుకు స్పెయిన్ దేశపు ఓడలు వచ్చి మన బట్టలూ మిరియాలూ పట్టుకుపోయేవి. వాళ్ళ మాట మనవాళ్ళకు రాదు, మన మాట వాళ్ళకు రాదు. బేరమంతా చేతులు ఊపుకోవడం, ఆ మీదట తగువు పెట్టుకోవడం.

రాజుగారికి విసుగొచ్చింది. స్పానిష్ నేర్చుకుని రమ్మని ఒకణ్ణి పంపారు. వాడు వాంతులకు తట్టుకోలేక పక్క రేవులోనే దిగి ఇంటికొచ్చేశాడు. రెండోవాణ్ణి పంపారు. వాడు స్పెయిన్ దాకా వెళ్ళాడు గానీ, తిండి పేర్లు తప్ప ఏమీ నేర్చుకోలేదు, బాగా ఒళ్ళు చేసి మాత్రం వచ్చాడు. మూడోసారి ఎవరు వెళ్తారని అడిగితే, తెరచాపలు కుట్టేవాళ్ళ అమ్మాయి పేరిందేవి నేనంటూ ముందుకొచ్చింది.

రాజుగారు అన్నారు: "అమ్మాయీ, ఏడాది తిరిగాక స్పెయిన్ ఓడ నాయకుడు నీతో మాట్లాడి చూస్తాడు. ఆయన మెచ్చితే రేవులో దుబాసీ పని నీది. ఇరుపక్షాల మాటా నువ్వే చెబుదువుగాని. నీ వెనక ఇంకా పిల్లల్ని పంపుతాను. మెచ్చలేదా, చదువు కోసం సముద్రం దాటడం మన రాజ్యంలో ఇదే ఆఖరు."

ఈ సంగతంతా ఆ ఓడ నాయకుడికి సైగలతో చెప్పేసరికి రాజుగారికి చెమటలు పట్టాయి.

పేరిందేవి స్పెయిన్ చేరింది. అక్కడ ఇనేస్ అనే పెద్దావిడ ఇంట్లో బస. ముగ్గుబుట్టలాంటి జుట్టు, చేతినిండా పని, నోటినిండా కబుర్లు. మనలో అయితే అలాంటావిడను మామ్మా అని పిలవకుండా ఉండలేం, కాబట్టి మనమూ ఇనేస్ మామ్మ అనే అనుకుందాం. మధ్యాహ్నం భోజనానికి ఇరుగుపొరుగు కూడా అదే బల్ల దగ్గర చేరేవారు.

మొదటి రోజు మామ్మ శనగలు ఉడికించి పులుసు పెట్టింది. చెంచా ఇస్తే పేరిందేవి దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, చేత్తో కలుపుకుని తింది. ఆఖరి ముద్ద నోట్లో పడగానే చటుక్కున లేచి, పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కుని, అటునుంచి అటే గదిలోకి పోయి పుస్తకం ముందేసుకుంది. బల్ల దగ్గర అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

పులుసు నచ్చలేదు కాబోలు అనుకుంది మామ్మ. మర్నాడు వంకాయలు కాల్చి, నూనె పోసి పెట్టింది. పేరిందేవి కంచం ఖాళీ చేసింది. లేచిపోయింది.

పాపం, మామ్మ మూడోసారి తన తల్లి నేర్పిన పాలన్నం వండింది, పైన దాల్చినచెక్క పొడి చల్లి. పేరిందేవికి మన పరమాన్నం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. రెండుసార్లు అడిగి వేయించుకుంది. వేళ్ళు నాక్కుంది. మళ్ళీ లేచిపోయింది. ఈసారి మామ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగు లేని ఆ బట్టలతోనే ఎలాగో కళ్ళు తుడుచుకుంది.

ఇలాగే నెలలు గడిచాయి. పుస్తకంలోని మాటలన్నీ పేరిందేవికి కంఠతా వచ్చేశాయి. కానీ బజారులో ఎవరైనా పలకరిస్తే నోరు పెగిలేది కాదు. ఓడ వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. తన వెనక రావలసిన రేవులోని పిల్లలు తలపుకొస్తే మళ్ళీ పుస్తకం ముందేసుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం పేరిందేవి ఆఖరి ముద్ద తిని లేవగానే, మామ్మ ఆమె మూట తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"అమ్మాయీ, నీకు వేరే ఇల్లు చూశాను. మా ఇంట్లో నీకు బాగోలేదుగా" అంది మెల్లగా.

పేరిందేవి బిక్కచచ్చిపోయింది. పుస్తకంలో ఇలాంటి సమయానికి తగ్గ వాక్యం లేదు. వచ్చిన మాటలే తప్పో ఒప్పో కూడగట్టుకుని, "నేనేం చేశాను? చెప్పండి" అని అడిగేసింది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల ఆ ఇంట్లో అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ముద్ద దిగగానే లేచిపోతావు. మా ఊళ్ళో భోజనమంటే సగం తిండి, సగం ఆ తరవాత కూర్చుని చెప్పుకునే కబుర్లు. మేము నీకు నచ్చక లేచిపోతున్నావనుకున్నాం" అంది మామ్మ.

పేరిందేవికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎంగిలి చెయ్యి చూపించి, "ఇది ఆరకూడదు. ఎంగిలి చేత్తో కూర్చుంటే మా అమ్మమ్మ తిడుతుంది. అందుకే లేస్తాను" అంది. మీ ఇంట్లోనూ ఆ మాట అంటారుగా? ఆ అమ్మమ్మ సముద్రం అవతల ఉన్నా, ఈ పిల్లకు వీపు వెనకే నిలబడినట్టుండేది.

"ఇంతేనా?" అంది మామ్మ. మూట లోపల పెట్టేసి, ఒక మట్టిగిన్నెలో నీళ్ళూ, ఒక తువ్వాలూ తెచ్చి బల్ల మీద పేరిందేవి కంచం పక్కన పెట్టింది.

"ఇక్కడే కడుక్కో. కడుక్కుని కూర్చో."

ఆ రోజు నుంచి పేరిందేవి కూర్చుంది. చెప్పులు కుట్టే ఆయన కబుర్లు విన్నది, పక్కింటావిడ కోడలి మీద చెప్పే చాడీలు విన్నది. తప్పులు మాట్లాడింది. వాళ్ళు నవ్వారు, తనూ నవ్వింది, మళ్ళీ మాట్లాడింది. గదిలో తలుపు వేసుకుని నెలల తరబడి వెతికిన భాష, ఖాళీ కంచాల ముందు తనంతట తనే నోటికొచ్చింది.

ఏడాది తిరిగింది. ఓడ నాయకుడు మామ్మ ఇంటికి భోజనానికి వచ్చాడు. మహా తొందర మనిషి. గబగబా తినేసి, ఇక పరీక్ష మొదలుపెడదామని కుర్చీ జరిపి లేవబోయాడు.

"అయ్యా, తిండే అయింది, భోజనం ఇంకా సగముంది" అంది పేరిందేవి చక్కని స్పానిష్‌లో. "కూర్చోండి. మీ పిల్లల కబుర్లు చెప్పండి."

నాయకుడు నివ్వెరపోయి కూర్చున్నాడు. కబుర్లలో పొద్దు వాలిపోయింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నాలిక కరుచుకున్నాడు.

"పరీక్ష సంగతే మరిచిపోయాను!"

"దాన్ని ఇంకా పరీక్షిస్తావా?" అని మామ్మ ఆయన్ను కసిరింది. ఆ తరవాత పేరిందేవిని పట్టుకుని బావురుమంది. ఆ మట్టిగిన్నె అంచున ముద్దు పెట్టి మరీ, దాన్ని పేరిందేవి మూటలో తనే కట్టింది.

ముత్యాలరేవులో విందు జరిగింది. ఒక పక్క స్పెయిన్ వర్తకులు, ఒక పక్క మనవాళ్ళు. తిండి కాగానే అలవాటుగా రాజుగారు లేవబోయారు. ఏలినవారి ముందు పేరిందేవి ఆ గిన్నె పెట్టింది.

"మహారాజా, ఇక్కడే కడుక్కోండి. కడుక్కుని కూర్చోండి."

రాజుగారు కూర్చున్నారు. ఆ రోజు రేవులో తగువు జరగలేదు. మరుసటి ఓడలో ముగ్గురు పిల్లలు స్పెయిన్ వెళ్ళారు. ఇనేస్ మామ్మ బల్ల మీద మూడు గిన్నెల నీళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తోంది.

కాబట్టి పిల్లలూ, పరాయి మనుషుల మాట రావాలంటే ముందు వాళ్ళ దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. వాళ్ళ మనసు ఎందుకు నొచ్చుకుందో అడగడానికి ఎన్నడూ మొహమాటపడకూడదు.