మళ్ళీ ఎవరూ పిలవని కంచరి

కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలంలో, చలిని మాత్రం అందరూ పేరుపెట్టి తిట్టే కాలంలో, చలిగట్టు అని ఒక ఊరుండేది. కొండ భుజం మీద కూర్చున్న ఊరు. కార్తీకం దాటిందంటే పొగమంచు పిలవని చుట్టంలా ఇంట్లోకి వచ్చి చతికిలబడేది. పొమ్మంటే పోయేది కాదు.

ఆ ఊరి మంత్రసాని గున్నమ్మ. చెయ్యి మెత్తన, నోరు గరుకు. నొప్పులు పడే పిల్లని "ఏమిటే ఆ అరుపులు, నీకంటే ముందు లోకంలో ఎవరూ కనలేదా?" అని కసిరేది. కసురుతూనే నడుం రాసేది. తిట్టు ఆగేది గానీ ఆ చెయ్యి ఆగేది కాదు.

గున్నమ్మ ఇంట్లో ఒక రాగి కాగు ఉండేది. వాళ్ళత్త ఇచ్చింది. అత్తకి వాళ్ళత్త ఇచ్చింది. నడుమెత్తు కాగు. మధ్యలో నిలువుగా ఒక గొట్టం. గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్ళు. ఆ కాగుని గోడకి ఆనించి పెట్టేవాళ్ళు. గోడకి అవతల పురిటి గది. కాగు కాగితే గోడ కాగేది, గోడ కాగితే గది కాగేది. చలిగట్టులో చలికాలం పుట్టిన పిల్లలు బతికి బట్టకట్టారంటే, ఆ కాగు పుణ్యమే.

అలాంటి కాగు ఒక చలికాలం పగిలింది.

ఎప్పుడు పగలాలో అప్పుడే పగిలింది పాడు కాగు. గున్నమ్మ కూతురు వరాలు పురిటికొచ్చి ఉంది. అంతకుముందు చలికాలం అత్తవారి ఊళ్ళో ఆ పిల్లకి ఒక బిడ్డ పుట్టి, చలికి నీలం తిరిగి చేతిలోనే పోయింది. అందుకే ఈసారి గున్నమ్మ వియ్యంకులతో పోట్లాడి కూతుర్ని తెచ్చుకుంది. "నా గది ఉంది, నా కాగు ఉంది, నేనున్నాను" అని అందరి ముందూ అనేసి మరీ తెచ్చుకుంది.

గొట్టం అతుకు విడిపోయింది. నీళ్ళు నిప్పులో పడి చుయ్‌మన్నాయి. నిప్పు ఆరింది.

వరాలు గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. "అమ్మా, గోడ చల్లబడిందే" అంది.

"నోర్ముయ్. నేనున్నానుగా" అంది గున్నమ్మ. అని, పెరట్లోకి పోయి ఏడ్చింది.

తర్వాత కొంగు బిగించి, కాగుని బండిలో వేయించి, కొండ దిగి దిగువపేటకి పోయింది.

"మంచి కంచరి ఎవరయ్యా ఈ ఊళ్ళో?" అని అడిగింది.

"ఇంకెవరు, సూర్యాచారి!" అన్నారు అందరూ.

సూర్యాచారి కొట్టు ముందు తిరణాల. బిందెలు, గంగాళాలు, చెంబులు, వాటిని ఒళ్ళో పెట్టుకున్న మనుషులు. ఇంతమంది నమ్మారంటే ఎంత మొనగాడో అనుకుంది గున్నమ్మ. సూర్యాచారి కాగుని ఒకసారి చూశాడు, మీసం ఒకసారి తిప్పాడు.

"ఓస్, ఇంతేనా?" అన్నాడు. తగరం కరిగించి పూశాడు. అద్దంలా మెరిసింది. ఇంటికి తెచ్చి నిప్పు వేస్తే, ఆ తగరం కాస్తా కరిగి బొట్లు బొట్లుగా రాలింది. చుయ్.

గున్నమ్మ మళ్ళీ కొండ దిగింది. "ఓస్, ఇంతేనా?" అన్నాడు సూర్యాచారి. ఇంకా మందంగా పూశాడు. ఇంకా అందంగా మెరిసింది. ఇంటికి తెచ్చి నిప్పు వేస్తే చుయ్.

మూడోసారి కొండ దిగేసరికి వరాలుకి పొట్ట కిందికి జారింది. ఇక ఇవాళో రేపో. గున్నమ్మ కొట్టు ముందు తన వంతు కోసం నిలబడింది. ఊరికే నిలబడే రకమా? ముందున్న ఆవిణ్ణి కదిపింది.

"నీ బిందెకేమైందే?"

"కారుతోంది పిన్నీ. ఇది నాలుగోసారి తేవడం."

"నాది ఆరోసారి" అన్నాడు ఆమె ముందున్న పెద్దాయన. "చాలా మంచివాడమ్మా సూర్యాచారి. ఎన్నిసార్లు తెచ్చినా విసుక్కోడు!"

గున్నమ్మ ఆ పెద్దాయన్ని పైనుంచి కిందికి చూసింది. ఆ వరుసంతా చూసింది. అందరివీ తను కిందటిసారి చూసిన ముఖాలే. కిందటిసారి చూసిన బిందెలే.

"ఓసి నా బుర్ర మండా!" అంది పైకే. "బాగైనవాళ్ళెవరైనా ఇక్కడికెందుకొస్తారే? ఇది బాగుకానివాళ్ళ సంత!"

బండి తిప్పింది. ఈసారి కంచరి ఎవరని ఎవర్నీ అడగలేదు. ఇళ్ళ వెనక పెరళ్ళలోకి పోయింది. "మీ ఇంట్లో కారని కాగుందా?" అని అడిగింది. పిచ్చిదేమో అనుకున్నారు. అనుకోనీ.

సత్రం వెనక ఒక కాగు దొరికింది. మసి పట్టి నల్లగా ఉంది. గున్నమ్మ కొంగుతో మసి తుడిచింది. ఎర్రటి రాగి మీద పచ్చటి ఇత్తడి గీత, దారప్పోగంత సన్నం. గోరుతో గీకితే గోరే అరిగింది.

"ఎవరి చెయ్యి ఇది?"

"ఏమో" అన్నాడు సత్రం వంటాయన. "ఎవరో వచ్చాడు, అతికాడు, పోయాడు. మళ్ళీ అవసరం పడలేదు."

అద్దకం వాళ్ళింట్లో రంగుల కాగు. అదే పచ్చటి గీత. "ఎవరో వచ్చాడు, అతికాడు, పోయాడు. మళ్ళీ అవసరం పడలేదు."

బెల్లం వండేవాళ్ళ పెరట్లో మూడో కాగు. అదే గీత. అక్కడొక పండు ముసలమ్మ తల గోక్కుని, "వాగు అవతల చింతతోపులో ఉండేవాడమ్మా. ఉన్నాడో పోయాడో. పేరంటావా, మళ్ళీ పిలిస్తే కదా పేరు గుర్తుండటానికి!" అంది.

చింతతోపులో ఒక గుడిసె. గుడిసె ముందు ఒక ముసలాయన చీపుళ్ళు కడుతున్నాడు. చూరుకి కొలిమి తిత్తి వేలాడుతోంది. దాంట్లో సాలీడు కాపురం పెట్టింది.

"కంచరివి నువ్వేనా అన్నా?"

"ఒకప్పుడు, తల్లీ. గవరయ్యంటారు. ఇప్పుడు చీపుళ్ళు కడుతున్నా."

"ఏం, చేతులు పడిపోయాయా?"

"చేతులు బాగానే ఉన్నాయి. చేతికే మంచి పేరు లేదు" అన్నాడు గవరయ్య, చీపురు మీంచి చూపు ఎత్తకుండా. "ఒకసారి పిలిచినవాళ్ళు రెండోసారి పిలవలేదు. ఒక్కరంటే ఒక్కరు పిలవలేదు. సూర్యాచారి కొట్టు చూశావుగా, జనం ఎలా ఎగబడతారో. నా పని నచ్చలేదనుకున్నాను. నచ్చని పని చేసి జనాన్ని బాధపెట్టడం దేనికని తిత్తి పైన కట్టేశాను."

గున్నమ్మ చేతిలో చీపురుంటే కొట్టేదే. నిజానికి అక్కడ చీపుళ్ళు బోలెడున్నాయి.

"ఓరి పిచ్చి మారాజా! నీలాంటి వెర్రి కంచరి భూమ్మీద ఉంటాడా? లే! లేస్తావా, ఎత్తి బండిలో వెయ్యమంటావా?"

బండి ఎక్కించి ముందు బెల్లం వాళ్ళింటికి తీసుకుపోయింది, తర్వాత అద్దకం వాళ్ళింటికి, తర్వాత సత్రానికి. అవతల కూతురికి ఏ క్షణాన నొప్పులొస్తాయో తెలియకపోయినా, ఆ మూడు చోట్లకీ తిప్పింది. నమ్మకం లేని చేతికి అతుకు కుదరదని ఆవిడకి తెలుసు. వణికే పిల్లల నడుములు ఎన్ని పట్టుకోలేదు!

"చూడు. నిలిచింది." "చూడు. ఇదీ నిలిచింది." "చూడన్నా, ఇదీ."

గవరయ్య సత్రం కాగు మీద పచ్చటి గీతని వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. తుండుగుడ్డతో ముక్కు చీదుకుని, "తిత్తి దులపాలి, పద" అన్నాడు.

చలిగట్టులో గున్నమ్మ వాకిట్లో గుంట తవ్వి బొగ్గులు పోశాడు. కాగులోంచి గొట్టం ఊడదీశాడు. పాత తగరమంతా గీకి పారేశాడు. విడిన అతుకు మీద లోహం పట్టుకునేందుకు వెలిగారం పూసి, ఇత్తడి రజను పొడి చల్లి, తిత్తి ఊదాడు. గొట్టం ఎర్రబడింది. ఇంకా ఎర్రబడింది. రజను ఒక్కసారిగా కరిగి, దాహంగా ఉన్న నేలలోకి నీళ్ళింకినట్టు అతుకులోకి ఇంకిపోయింది.

లోపల్నించి వరాలు కేక వినపడింది. "అరుస్తావేమే!" అని ఇక్కణ్ణించే కసిరి, గున్నమ్మ లోపలికి పరిగెత్తింది.

గవరయ్య గొట్టం బిగించాడు. నీళ్ళు పోశాడు. నిప్పులు వేశాడు. చెవి పెట్టి విన్నాడు. చుయ్‌మనలేదు.

గోడ కాగింది. గది కాగింది. మంచు విడవని ఆ మధ్యాహ్నం, వెచ్చటి గదిలో ఆడపిల్ల పుట్టి ఊరంతా వినపడేలా ఏడ్చింది. "అమ్మమ్మ నోరే వచ్చింది" అనుకున్నారు జనం. గోడకి ఇవతల అరచెయ్యి ఆనించి గవరయ్య కూర్చుని ఉన్నాడు. లేవమంటే కాసేపు లేవలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. చాలా కాగులు అతికాడు. ఒకసారి పిలిచినవాళ్ళెవరూ మళ్ళీ పిలవలేదు, కానీ ఇప్పుడాయన దానికి నవ్వుకునేవాడు. ఒకరోజు చింతతోపులోనే కన్నుమూశాడు. "ఎవరో ముసలాయన పోయాడట" అన్నారు దిగువపేటలో.

ఆ మాట చెవిన పడగానే గున్నమ్మ కొండ దిగింది. బజారు నడిమధ్యన నిలబడింది. "ఎవరోనా? మీ సత్రంలో పప్పుడుకుతోంది ఎవరి చేతి మీదనర్రా? మీ చీరలకి రంగెక్కింది ఎవరి చేతి మీద? నా మనవరాలు ఊపిరి పీలుస్తోంది ఎవరి చేతి మీద? చెడగొట్టినవాడి పేరు నోరారా చెబుతారు, నిలబెట్టినవాడు ఎవరో అయ్యాడా మీకు?" అని అరిచింది. తర్వాత అందరూ వాగు దాటి చింతతోపుకి నడిచారు. పాడె మోయడానికి చేతులు ఎక్కువయ్యాయి.

అప్పట్నించీ చలిగట్టులో బిడ్డకి మొదటి నీళ్ళు పోసే ముందు, పోసే ఆవిడ "గవరయ్య అతికాడు, నీళ్ళు నిలిచాయి" అని బిడ్డ చెవిలో చెబుతుంది. చెప్పాకే చెంబు వంచుతుంది.

ఇంకొకటి కూడా చేస్తారు. ఆ ఊళ్ళో పనివాడు కావలసి వస్తే, మంచివాడెవడని అడగరు. "మీరు మళ్ళీ పిలవనివాడెవరు?" అని అడుగుతారు. వెతికి పట్టుకున్నాక, ముందు పని చెప్పరు. చెయ్యి పట్టుకుని అతని పాత పనుల దగ్గరికి తిప్పుతారు. "చూడు నాయనా, ఇంకా నిలిచే ఉంది" అంటారు.