బెత్తెడు బీట

ఏటి ఒడ్డున ఒక ఊరుంది. ఆ ఊళ్ళో పాలు పొంగినా కొంప మునిగినట్టే, చొక్కా గుండీ ఊడినా కొంప మునిగినట్టే. రోజుకి నలభై సార్లు మునిగి, మళ్ళీ ఆ కొంపల్లోనే నిక్షేపంగా అన్నాలు తినేవారు. వాళ్ళతో వేగడం ఎవరి తరమూ కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఏటి గట్టుకి బీట పడడం గట్టు కాపలాదారు చూశాడు. బజారుకి పరిగెత్తుకొచ్చి, కొంపలు మునుగుతున్నాయని కేకపెట్టాడు.

"ఏం, అన్నం మాడిందా?" అన్నాడు బట్టల వర్తకుడు. బజారంతా నవ్వింది.

కాపలాదారుకి ఒళ్ళు మండిపోయింది. ఇంతకంటే పెద్ద మాట ఉందేమోనని వెతుక్కున్నాడు. ప్రళయాన్ని మొన్న ఊరగాయ బూజు పట్టినప్పుడు వాడేశారు. చావుని ఎండకీ చలికీ ఆకలికీ పంచేశారు. నిజంగా మునిగే రోజుకి ఒక్క మాటా మిగల్చలేదు, దరిద్రులు. నిన్న గొడుగు పోతే తనూ ఇదే కేక పెట్టాడని గుర్తొచ్చి ఇంకా మండింది.

గొంతు తగ్గించి, "గట్టుకి బెత్తెడు బీట పడింది. గంటలో దిగువ వీధికి నీళ్ళొస్తాయి. మిట్ట ఎక్కండి," అన్నాడు.

నవ్వులు ఆగాయి. బజారు లేచింది.

అతని కూతురు దిగువ వీధిలోనే ఉంది, పదిరోజుల బాలింత. కాని తను వెనక్కి వెళ్ళి తూము తలుపులు ఎత్తి, ఏటి నీటిని కొంత పక్కకి వదలకపోతే ఆ గంట కూడా మిగలదు. అందుకని వర్తకుణ్ణి పిలిచి, ఇదే మాట ఆ వీధిలో ఇంటింటికీ చెప్పమన్నాడు. ఒక్క ముక్క కూడా కలపొద్దన్నాడు.

వర్తకుడు మంచివాడే, వెంటనే వెళ్ళాడు. దారిలో మాత్రం, బెత్తెడంటే ఎవరు కదులుతారని అనుమానం వచ్చింది. మొదటి ఇంట్లో మూరెడన్నాడు. మూడో ఇంట్లో అసలు గట్టే లేదన్నాడు. కాపలాదారు కూతురి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సముద్రమే వస్తోందన్నాడు. ఆ పిల్ల, బిడ్డ ఇప్పుడే నిద్రపోయిందని, కాస్త మెల్లగా మాట్లాడమని తలుపేసుకుంది.

తూము ఎత్తి కాపలాదారు మిట్ట మీదికొచ్చాడు. ఊరంతా అక్కడుంది, దిగువ వీధి తప్ప. కింద నీళ్ళు పరుచుకుంటున్నాయి.

"మా అమ్మాయికి చెప్పావా?"

"లక్షసార్లు చెప్పానయ్యా. వినదే."

"నేను ఒక్కసారే చెప్పమన్నాను," అని కాపలాదారు పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు.

లోతెంతని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మోకాటిలోతు," అన్నాడు. ఇంకాస్త వెళ్ళి, "మొలలోతు," అన్నాడు.

మిట్ట మీద వర్తకుడు వెనకవాళ్ళకి, "మొలలోతు," అనే చెప్పాడు.