అసిరమ్మ రెండో రోకలి

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, నాకూ తెలీదు. మరలు లేని కాలం. తినేవాళ్లంతా ముందు దంచుకోవాల్సిన కాలం. కొండ దిగువన ఒక ఊరు. ఒక కరువేడు ఆ ఊరికి అసిరమ్మ వచ్చింది. భుజాన రెండు రోకళ్లు. ఒకటి తనది, ఒకటి తోటికోడలిది. తోటికోడలు దారిలోనే చనిపోయింది.

ఊరి చివర పాడుబడ్డ పాకలో చేరి, నలుగురి ధాన్యం దంచి పొట్టపోసుకునేది.

దంపుడు ఇద్దరి పని. ఒకరి రోకలి లేస్తే ఇంకొకరిది పడాలి. ఒక్కరే దంచితే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వస్తుంది. ఆ ఖాళీని అసిరమ్మ భరించలేకపోయింది. అందుకని అందులో ఒక మాట వేసేది. ఎవరికీ తెలీని మాట, అప్పటికప్పుడు పుట్టించిన మాట. అదీ తోటికోడలి సన్నగొంతుతో.

ధుమ్. “జిలిబొంగరి!”

ధుమ్. “కప్పటిగుల్ల!”

ధుమ్. “తొర్రిమిర్రి!”

అన్న మాట మళ్లీ అనకూడదని పంతం. కొన్నిటికి అర్థాలు కూడా పెట్టేది. ముక్కులో దూరే ఊక ‘పిస్సుగాడు’. తనలో తనే నవ్వుకుని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకోవడం ‘గుమ్మిళింత’. మాట బాగా కుదిరిన రోజు పొట్టపట్టుకుని నవ్వేది. నవ్వాక పాక మరీ బోసిగా ఉండేది.

గోడ అవతల ఊరంతా చెవులు రిక్కించేది. పిల్లలు ఆ మాటలతో ఆడుకునేవాళ్లు. పెద్దవాళ్లేమో “లోపల ఇద్దరున్నారు, బాగా జోడీ కుదిరింది” అనుకున్నారు. మరి రెండో మనిషి కనబడదేం? సిగ్గరి కాబోలు అన్నారు. ఊరు ఊరంతా తెలివైనవాళ్లే!

ఆ ఊరి దాలమ్మ మొదటిసారి ధాన్యం తెచ్చి, “మీ ఇద్దరికీ ఏ లోటూ నేదు కదా?” అంది. ‘మీ ఇద్దరికీ’ అన్నది అసిరమ్మకు ఎంత బాగుందో! కాదనడానికి నోరు రాలేదు. దాలమ్మ వెళ్లిపోయింది.

రెండోసారి చెప్పేసింది. “నానొక్కర్తినే అమ్మా. ఇంకెవులూ నేరు. ఒక్క వాయి కలిసి దంచుదుం, రా.”

“సాల్లే, మాకు సెవుల్నేవేటి? రెండో ఆవిడ గొంతు రోజూ ఇంటన్నాం!” అని దాలమ్మ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మూడోసారి నోటితో చెప్పలేదు. రెండో రోకలి గుమ్మం బయట ఆనించింది. ఆ ఊళ్లో రోకలి బయట పెడితే ‘తోడు రండి’ అని అర్థం. నీళ్లకెళ్లే ఆడవాళ్లు చూశారు. “రెండో ఆవిడ రోకలి ఇక్కడ ఆనించి ఏటికెళ్లినట్టుంది” అనుకుని వెళ్లిపోయారు. పొద్దువాలాక అసిరమ్మ రోకలి లోపలికి తెచ్చుకుని ఏడ్చింది.

మాటలు మానేస్తే ఎవరైనా వస్తారేమో అని ఆమెకూ తట్టింది. ఒక పూట మానేసి చూసింది. ధుమ్. ఏమీ లేదు. ధుమ్. ఏమీ లేదు. మూడో దెబ్బకి తోటికోడలు మళ్లీ చచ్చిపోయినట్టు అనిపించింది. ఎవరో ఒకరు వచ్చేదాకా కూడా ఆగలేకపోయింది, పాపం. గబుక్కున ఒక మాట వేసేసింది.

ఒక చలికాలం పొద్దున ధుమ్ అన్న చప్పుడు లేదు, మాట లేదు. దాలమ్మ తలుపు తోసింది. ఒకటే చాప. ఒకటే కంచం. రోటి పక్కన ప్రాణం లేకుండా ఒరిగిపోయి అసిరమ్మ. ఒక రోకలి చేతి రాపిడికి సన్నబడింది. రెండోదానికి బూజు పట్టింది.

“ఒక్కర్తినే అంది. నాతోనే అంది!” అని దాలమ్మ గుండెలు బాదుకుంది.

ఇప్పుడు మరలొచ్చాయి. అయినా ఆ దిగువ ఊళ్లలో ఏ ఇంట్లో పని చప్పుడు వినబడినా, దారిన పోయేవాళ్లు గుమ్మంలో ఆగి “ఎందరున్నారు?” అని అడుగుతారు. “ఒక్కర్తినే” అంటే ముందుకు పోకూడదు. ఎవరూ ఎన్నడూ అనని మాట ఒకటి పుట్టించి, ఆ మాట అంటూ గడప దాటాలి.

“ఇద్దరం” అని జవాబొస్తే? అప్పుడూ పోరు. తలుపు తోసి చూస్తారు.