గవ్వలపేట వాళ్ళ తుఫాను పాఠాలు

గవ్వలపేట వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళెవరూ అనలేదు. వాళ్ళు అనేదాకా ఆగే ఓపిక లేక గవ్వలపేట వాళ్ళే అనేసుకున్నారు. సముద్రం ఒడ్డున ఇసకలో ఉన్న చిన్న ఊరు అది. ఊళ్ళో అందరూ చేపలు పట్టేవాళ్ళే, అందరూ తెలివైనవాళ్ళే.

అందరిలోకీ తెలివైనవాడు కొర్లయ్య. ఊరి తుఫాను కమిటీకి ప్రెసిడెంటు. "సేసిన తప్పు మళ్ళీ సెయ్యం. అదీ మన గొప్ప," అని మీసం తిప్పేవాడు. నిజమే, గవ్వలపేటలో ఏ తప్పూ రెండోసారి జరగలేదు. ప్రతిసారీ కొత్త తప్పే.

కొర్లయ్య పెళ్ళాం దానమ్మకి మొగుడి తెలివంటే మహా గర్వం. ఆమె కమిటీలో లేదు. ఆడవాళ్ళెవరూ లేరు. "ఆడోళ్ళు కూడా కమిటీలో కూకుంటే టీ ఎవరు పెడతారే?" అని కొర్లయ్య ఒకసారి అడిగాడు. ఇంత లోతైన ప్రశ్న వేసిన మనిషి తన మొగుడైనందుకు మురిసిపోయి, దానమ్మ టీ పెట్టడానికి లేచింది.

ఒక ఏడాది తుఫాను గాలికి ఊళ్ళో తాటాకు కప్పులన్నీ ఎగిరిపోయాయి. కమిటీ కూర్చుంది. టీ తాగింది. పాఠం నేర్చుకుంది. మరుసటి ఏడాది రేడియోలో తుఫాను మాట వినబడగానే కొర్లయ్య వీధివీధీ తిరిగి అరిచాడు.

"కప్పులు పీకేయండి! గాలి ఎత్తుకుపోడానికి ఏటీ మిగలకూడదు!"

ఇంకేముంది, మగవాళ్ళు నిచ్చెనలెక్కారు, ఆడవాళ్ళు కింద నిలబడి తాటాకులు అందుకున్నారు. అందరికన్నా ముందు దానమ్మ తన ఇంటి కప్పు పీకించింది. తీరా చూస్తే తుఫాను దారి మళ్ళి ఒడిశా వైపు పోయింది. వాన మాత్రం గవ్వలపేటకే వచ్చింది. ఆ రోజు కుండలో గంజి ఎంత తాగినా తరగలేదు.

"సూసినావా? ఒక్క కప్పు ఎగరనేదు!" అన్నాడు కొర్లయ్య, మంచం మీద కూర్చుని తడుస్తూ.

"ఔను మావా. నీ బుర్రే బుర్ర," అంది దానమ్మ, నెత్తి మీద చాట పెట్టుకుని.

ఈ సంగతి ఊళ్ళు దాటి పట్నంలో ఆఫీసుదాకా పోయింది. అంతే, అక్కణ్ణించి జీపు వేసుకుని ఒక మేడం వచ్చింది. తుఫాన్లొస్తే ఏం చెయ్యాలో నేర్పించే మేడం. ఊరందరినీ ఇసకలో కూర్చోబెట్టి మాట్లాడింది.

"కరీబియన్ దీవులని చాలా దూరాన ఉన్నాయి. అక్కడికి పోయి నేను ట్రైనింగు తీసుకుని వచ్చాను. వాళ్ళకి తుఫాన్లు మనకన్నా ఎక్కువ. ఒక్కో తుఫాను పోయాక, ఎక్కడ పొరపాటు జరిగిందో చూసుకుని పాఠం నేర్చుకుంటారు. అందుకే వాళ్ళు..."

"మేం కప్పులు పీకినాం మేడం గారూ," అన్నాడు కొర్లయ్య. "ఆళ్ళు పీకినారా?"

"లేదు."

"మరి ఆళ్ళే మా కాడికి ట్రైనింగుకి రావాల," అని కొర్లయ్య జనం వైపు తిరిగాడు. జనం చప్పట్లు కొట్టారు. దానమ్మ అందరికన్నా గట్టిగా కొట్టింది.

మేడం నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. "సరే. ఇప్పుడు తుఫాను వచ్చిందనుకుందాం."

జనం తలెత్తి ఆకాశం వైపు చూశారు.

"తుఫాను వచ్చింది. ఏం చేస్తారు?"

"రానేదు గదా మేడం," అన్నాడు కొర్లయ్య చెయ్యికింద గున్నయ్య. కమిటీలో తలుపు దగ్గర నిలబడే ఉద్యోగం అతనిది. "ఎండ కాస్తంది."

"కాస్తోందయ్యా. వచ్చిందని అనుకోండి."

"ఎండలో కూకుని ఎలాగనుకుంటాం? వొచ్చినాక అనుకుంటాం."

మేడం నుదురు రుద్దుకుంది. "సరే, మీరేమీ అనుకోవద్దు. దెబ్బలు తగిలినవాళ్ళని ఎలా మోసుకుపోవాలో చూపిస్తాను. నాకు దెబ్బలు తగిలినవాళ్ళు ఇద్దరు కావాలి."

"అలాగ సెప్పండి మరి!" అని కొర్లయ్య గున్నయ్యకి సైగ చేశాడు. గున్నయ్య దానమ్మ తమ్ముడు తాతారావుని రెక్క పట్టుకుని పడవ చాటుకి తీసుకుపోయాడు. ఠప్పుమని చప్పుడు. "ఓలమ్మో!" అని కేక. తాతారావు నుదుటి మీద నెత్తురు కారుతుంటే తూలుకుంటూ బయటికొచ్చాడు.

"ఒకడు రెడీ మేడం," అన్నాడు గున్నయ్య. "రెండోవోడికి తెడ్డు సాల్దు, ఇరిగిపోయింది."

"రోకలి తెస్తానుండు," అని దానమ్మ ఇంటికి పరుగెత్తింది.

ఆమె రోకలి పట్టుకుని వచ్చేసరికి అవసరం లేకపోయింది. నెత్తురు చూసి మేడం కళ్ళు తిరిగి పడిపోయింది. పడవ అంచు తగిలి తల బొప్పి కట్టింది. "రెండోది కూడా దొరికేసింది!" అని ఊరంతా సంబరపడి, ఇద్దరినీ మేడం జీపులో తెచ్చిన స్ట్రెచర్ల మీద మోసుకుని ఊరు చుట్టూ తిప్పారు. మోయడం చాలా బాగా నేర్చుకున్నారు.

మేడం లేచింది. నేరుగా జీపెక్కింది. జీపులోంచి ఒకే ఒక్క మాట చెప్పింది.

"పోయినసారి తుఫానుకి మీకు ఏమేం పోయాయో గుర్తు తెచ్చుకోండి. ఈసారి అవి పోకుండా, ఊరి చివర సిమెంటు షెల్టరు ఉంది కదా, ముందుగానే అందులోకి చేర్చండి. అంతే. అంతకన్నా ఏమీ చెయ్యకండి, మీకు దండం పెడతాను."

అంతే. జీపు మళ్ళీ కనబడలేదు.

కమిటీ కూర్చుంది. కప్పులెగిరిన తుఫానుకి కప్పులు కాక ఇంకా ఏమేం పోయాయి? పడవలు పోయాయి. వలలు పోయాయి. మంచాలు, కోళ్ళు, బుట్టలు, బడి గంట, గున్నయ్య రేడియో, కొర్లయ్య ఎర్ర తుండు.

"మరి మనుసులు?" అంది దానమ్మ, టీ గ్లాసులు అందిస్తూ.

"మనుసులు పోయినారేటే?"

"నేదు."

"మరి?"

"మరే," అని దానమ్మ నాలిక్కరుచుకుంది. పోయినసారి మనుషులంతా షెల్టరులో కూర్చున్నారు కాబట్టే పోలేదన్న సంగతి కమిటీలో ఎవరికీ గుర్తు రాలేదు. కమిటీకి రాని గుర్తు తనకెలా వస్తుందనుకుని దానమ్మ కూడా ఊరుకుంది.

ఆ ఏడు దానమ్మ కూతురు బంగారి పురిటికి పుట్టింటికి వచ్చింది. అల్లుడు గుజరాత్ బోట్ల మీద పనికి పోయాడు. నెలలు నిండి, బంగారి గడప దాటడానికే ఆయాసపడుతున్నప్పుడు వచ్చింది తుఫాను. ఈసారి దారి మళ్ళలేదు. పొద్దున్నే గాలి లేచింది. మధ్యాహ్నానికి ఆస్పత్రికి పోయే రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయి. సరిగ్గా అప్పుడే బంగారికి నొప్పులు మొదలయ్యాయి.

ఇంకేముంది, దానమ్మ కూతుర్ని పట్టుకుని షెల్టరుకి నడిపించింది. ఊరంతా అక్కడే ఉంది, బయట. లోపల ఊరి సామానుంది. పడవలు గుమ్మంలో పట్టకపోతే తలుపు పీకేశారు. పీకిన తలుపు గాలికి పోకుండా దాన్నీ లోపలే దాచారు. జనం వానలో వణుకుతూ, తమ బుట్టలు పొడిగా ఉన్నందుకు సంతోషిస్తున్నారు.

"తప్పుకో గున్నయ్యా. పిల్లకి నొప్పులొస్తన్నాయి."

"వదినా, పోయినసారి ఈ పిల్ల పోయిందేటి?"

"పోయినసారి ఇది అత్తోరింట్లో ఉంది."

"అయితే ఊళ్ళోనే నేదు. ఊళ్ళో నేని పిల్ల ఎలాగ పోద్ది? పోనిదాన్ని లోపలెలాగ పెడతాం?"

"అమ్మా..." అని బంగారి నడుం పట్టుకుని కిందికి జారిపోతోంది.

దానమ్మ మొగుడి వైపు తిరిగింది. "మావా, నువ్వు సెప్పు!"

కొర్లయ్య మొహం పాలిపోయింది. కూతురంటే ప్రాణం అతనికి. అయినా ప్రెసిడెంటు. "ప్రెసిడెంటు కూతురికో రూలు, ఊరికో రూలా? రేపు నలుగురూ ఏటంటారే?"

"అనడానికి రేపు నలుగురు మిగలాల గదా!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని దానమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనకాల ఎవరూ లేరు. ఇద్దరు మగవాళ్ళు తన నులకమంచాన్ని మోసుకొస్తున్నారు, అంతే. ఆ మంచాన్ని చూడగానే దానమ్మకి ఒక ఆలోచన వచ్చింది. మొగుడు చెప్పని ఆలోచన బుర్రలోకి రావడం ఆమెకి అదే మొదలు. అలవాటు లేక కాసేపు తల తిరిగింది.

"దించండి మంచం," అంది. "ఒలే బంగారీ, దీని మీద పడుకో. గున్నయ్యా, పోయినసారి మా మంచం పోయిందా నేదా?"

"పోయింది. మంచం లోపలికే."

"దాని మీద పిల్లుంది."

గున్నయ్య ఆలోచించాడు. "మంచం మీద ఏటుందో కమిటీకి అనవసరం. మంచం తడవకూడదు. ఎత్తండ్రా!"

దానమ్మ పరుగున పోయి ఒక కోడిని పట్టుకుంది. "ఇది కూడా పోయినసారి పోయిన రకమే."

"కోడి లోపలికి. నువ్వు కాదు."

"వొదిలితే ఎగిరిపోద్ది."

"అయితే వొదలకు వదినా, గట్టిగా పట్టుకుని లోపలికి పద."

అది చూసిన ఆడవాళ్ళందరూ తలా ఒక కోడిని పట్టుకున్నారు. కోళ్ళు అయిపోతే వలలు కప్పుకున్నారు. పిల్లల్ని బుట్టల్లో పెట్టారు. మగవాళ్ళు పడవల్లోకెక్కి, పడవలతో పాటే భద్రంగా కూర్చున్నారు. తాతారావు బడి గంట మెడకి కట్టుకుని వచ్చాడు. ఆఖరికి బయట మిగిలింది కొర్లయ్య ఒక్కడే, రూలు పట్టుకుని, గాలికి ఊగుతూ.

"మావా! నీ తుండు పోయింది గదా పోయినసారి!" అని లోపల్నించి అరిచింది దానమ్మ.

కొర్లయ్య తన మెడలో కొత్త తుండు చూసుకున్నాడు. "పోయింది. నిజమే," అన్నాడు. చాలా గంభీరంగా తుండుని లోపలికి తీసుకొచ్చాడు. తుండుతోపాటు తనూ రాక తప్పలేదు.

తలుపు లేని గుమ్మానికి ఒక పడవని అడ్డం నిలబెట్టారు. దాని ఇవతల ఆడవాళ్ళు మంచం చుట్టూ చీరలు కట్టారు. బయట గాలి రంకెలు వేస్తోంది. చీరల వెనక బంగారి కేకలు పెడుతోంది. మగవాళ్ళు పడవల్లో ముడుచుకుని, రెండిటిలో దేనికి ఎక్కువ భయపడాలో తేల్చుకోలేకపోయారు. "ఇంకొక్కసారి ముక్కు నా తల్లీ," అంటోంది దానమ్మ.

క్యారుమంది పిల్ల. ఆడపిల్ల. గాలి కూడా సరిగ్గా అప్పుడే తగ్గింది.

ఇళ్ళు పోయాయి. మనుషులందరూ మిగిలారు. బంగారి నవ్వింది. దానమ్మ మాత్రం మంచం కోడు పట్టుకుని ఏడ్చింది.

కమిటీ అక్కడే, పడవలోనే కూర్చుంది. "ఒలే, టీ," అన్నాడు కొర్లయ్య.

"పొయ్యి సముద్రంలో ఉంది. పోయి పెట్టుకో," అంది దానమ్మ.

టీ లేకుండానే పాఠం నేర్చుకున్నారు. "పిల్ల ఏడ్సింది, గాలి ఆగింది. అందరూ సూసినారు గదా? తుఫాను ఆగాలంటే షెల్టరులో పురుడు జరగాల!" అని తేల్చాడు కొర్లయ్య.

మళ్ళీ ఏడు రేడియోలో తుఫాను మాట వినబడింది. ఆ ఏడు ఊళ్ళో ఒక్క ఆడది కూడా కడుపుతో లేదు. కొర్లయ్య కంగారుపడి ఆడవాళ్ళ మీద కేకలేశాడు. "ఊరు మునిగిపోతంటే ఇంత బాధ్యత నేకపోతే ఎలాగే?"

"మావా," అంది దానమ్మ. ఇప్పుడామెకి ఆలోచనలు వస్తే తల తిరగడం లేదు. "మేం కన్నప్పుడల్లా కమిటీకి సెప్పి కన్నామా? పాఠం మీది, కమిటీ మీది. మీరే కనండి."

కొర్లయ్య ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు దొరకలేదు.

అంతే. కమిటీ మొత్తం పొట్టలకి తలగడలు కట్టుకుని షెల్టరులో మంచాలెక్కింది. "అబ్బా, అమ్మా," అని మూలగడం మొదలుపెట్టింది. గున్నయ్య అయితే నిజంగానే చెమటలు కక్కాడు. "ఇంత కష్టవని మాకెవులూ సెప్పనేదేటే!" అని ఏడ్చాడు. ఆడవాళ్ళు గుమ్మంలో కూర్చుని, వక్క నములుతూ, "ముక్కండి, ముక్కండి" అన్నారు.

సాయంత్రానికి రేడియో చెప్పింది, తుఫాను సముద్రంలోనే బలహీనపడిపోయిందని.

"ఆగిపోయిందా?" అని కొర్లయ్య నీరసంగా కళ్ళు తెరిచాడు.

"ఆగిపోయింది మావా."

"మరి పిల్లేది?"

తుఫాను ఆగింది కాబట్టి పిల్ల పుట్టే ఉండాలి. ఎవరికి పుట్టిందో తెలియదు, ఎటు పోయిందో తెలియదు. ఇంకేముంది, కమిటీ అంతా మంచాల కింద, పడవల కింద, తలగడ గలీబుల్లో వెతకడం మొదలుపెట్టింది. కొర్లయ్య మాత్రం మంచం దిగలేదు. పచ్చి బాలింత లేవకూడదు కదా. చొక్కా గుండీలు విప్పుకుంటూ, పడుకున్నచోట నుంచే అరుస్తున్నాడు.

"బేగి ఎతకండ్రా! పిల్లకి పాలయేళ దాటిపోతంది!"